వాద్యకారుని సాధన వయస్సుతో ఎట్లు మాఱును?

నార్కట్‌పల్లికి సమీపమున చెర్వుగట్టు గుట్టపై ఏటేట మాఘమాసమున జాతర జరుగునని మా పాఠశాల బాలురకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ దినములలో తరగతిలోనికి వచ్చు పిల్లల వ్రేళ్లు ఊరకుండవు. త్రోవలో విన్న డప్పు దరువును వారు బల్లలపై పెన్సిళ్లతో మరల వాయించుచుందురు. ఉపాధ్యాయుడు గద్దించినచో చేయి ఆగును గాని బల్లక్రింది పాదము ఆగదు.

అట్టి జాతర దినములలో ఒక సాయంకాలము మేము గుట్టదిగువన నిలిచి డప్పులవారి మేళము నొకదానిని చాలసేపు చూచితిమి. అందు పదునాలుగేండ్ల బాలుడొకడును, అఱువదియైదు దాటిన వృద్ధుడొకడును ఉండిరి. బాలుడు చెమటలు క్రమ్మ ఎడతెగక కొట్టుచుండెను. వాని కుడిచేతి సిర్ర భుజము పైదాక లేచి దిగుచుండెను. వృద్ధుని సిర్ర జానెడు మాత్రమే కదలుచుండెను. అతడు నాలుగు దెబ్బలకు ఒకటి విడిచిపెట్టుచుండెను. అయినను దరువు మార్చవలసినపుడు మేళమంతయు చూచినది ఆ వృద్ధుని చేతినే. వాద్యము ముగిసి, డప్పులు మంటకు కాచుకొనుచుండగా మేమాతని సమీపించి, ఇంత అనుభవము వచ్చిన పిమ్మట ఇంకను సాధన చేయుదువా యని అడిగితిమి. అతడు నవ్వి, “పొద్దుగాల లేవంగనే తొడ మీద కొట్టుకుంట సారూ. డప్పు తీస్తే ఇంట్లోల్లు తిడ్తరు” అని చెప్పెను.

ఈ ప్రత్యుత్తరమే యీ వ్యాసమునకు కారణము. సాధన యనునది బాల్యమునకు సంబంధించిన శ్రమ యనియు, విద్య వచ్చిన వెనుక దానితో పనిలేదనియు మనలో పెక్కుమంది తలంతురు. ఏఱు దాటిన వెనుక తెప్ప యెందుకన్నట్లు మాటలాడుదురు. నిజమునకు సాధన ఎన్నడును ముగియదు. అయితే ఎనిమిదేండ్ల వాని సాధన వేఱు, ఇరువదేండ్ల వానిది వేఱు, డెబ్బదేండ్ల వానిది వేఱు. దాని కాలమానము మాఱును, చోటు మాఱును, ప్రయోజనము సయితము మాఱును. ఈ మార్పు తెలియనందున కొందఱు పిల్లలు పదునాలుగవ యేట విద్య విడుచుచున్నారు, కొందఱు పెద్దలు నలువదవ యేట వాద్యమును అటకపై పెట్టుచున్నారు. మేము ఆ రెండవ తెగలో చేరినవారము గనుక ఈ విషయము మాకు పరాయిది కాదు.

మొదట బాల్యమును గూర్చి. కర్ణాటక సంగీతము నేర్చుకొను బిడ్డకు గురువు మాయామాళవగౌళ రాగమున సరళీ వరుసలతో ఆరంభించును. పిమ్మట జంట వరుసలు, దాటు వరుసలు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు క్రమముగా వచ్చును. ఈ క్రమమును పురందరదాసు ఏర్పఱచెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఒకే వరుసను మూడు కాలములలో పాడవలెను: మొదటి కాలమున తాళక్రియ కొక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు. తాళము వేయు చేయి మాత్రము తన వేగమును మార్చరాదు. చూచుటకిది సులభముగా తోచును. బిడ్డకు కష్టమంతయు ఇక్కడనే యున్నది. గొంతు త్వరపడినపుడు చేయి కూడ త్వరపడును.

ఈ వయస్సున సాధన బిడ్డది కాదు, గురువు చెవిది. తాను పాడిన రిషభము క్రిందికి జాఱినదో పైకి పోయినదో ఏడేండ్ల బాలునకు తెలియదు. గురువులేనిచోట వాడు గంటసేపు పాడినచో ఒక్కొక్కప్పుడు గంటసేపు తప్పునే గట్టిపఱచుకొనును. కనుక తలిదండ్రులు “ఎంతసేపు చేసితివి?” అని అడుగుటకంటె, బిడ్డ ప్రక్కన కూర్చుండి పావుగంట వినుట మేలు. సంగీతము రాని తల్లికి కూడ తాళము తప్పుట తెలియును.

ఇంత చిన్న వయస్సున ఆరంభించుట వలన విశేషమేమి యని కొందఱడుగుదురు. 1995లో జర్మనీ దేశమున కొందఱు శాస్త్రజ్ఞులు వయొలిన్ మొదలగు తంత్రీవాద్యములు వాయించువారి మెదడును పరీక్షించిరి. తంత్రులను నొక్కెడు ఎడమచేతి వ్రేళ్లకు సంబంధించిన భాగము ఇతరులకంటె వారియందు విస్తరించి యుండెను. ఎంత చిన్నతనమున వాద్యము పట్టిరో ఆ విస్తారమంత ఎక్కువగా నుండెను. అనగా బాల్యమున చేసిన సాధన మరుపునకు వచ్చు పాఠము వంటిది కాదు. అది దేహములోనికి దిగి అక్కడనే నిలుచును.

మన తెలుగునాట ఇందుకు ఉదాహరణముగా ద్వారం వేంకటస్వామినాయుడుగారిని చెప్పుకొనవచ్చును. ఆయన 1893లో జన్మించెను. దృష్టి మాంద్యము వలన బడిచదువు సాగలేదు. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారివద్ద వయొలిన్ అభ్యసించెను. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడినది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. నాయుడుగారు అచట విద్యార్థిగా చేరుటకు పోయి, తన వాద్యము వినిపించి, ఆచార్యుడుగా నియమితుడయ్యెనని ప్రసిద్ధి. అప్పటికాయనకు ఇరువదియాఱేండ్లు. 1936లో నారాయణదాసుగారి పిమ్మట ఆయనయే అధ్యక్షుడయ్యెను.

ఆయన జీవితమున సాధన మాఱిన తీరు గమనింపదగినది. వయొలిన్ మన సంగీతమున అప్పటికి ముఖ్యముగా గాత్రమునకు ప్రక్కవాద్యము. ప్రక్కవాద్యకారుని సాధన యొక విధము: గాయకుడు ఏ దారి పోవునో ముందుగ తెలియదు గనుక, వెంటనంటి పోవుటకు చెవి సిద్ధముగా నుండవలెను. నాయుడుగారు వయొలిన్‌ను కచేరిలో ప్రధాన వాద్యముగా నిలిపినవారిలో ముఖ్యుడు. అట్లు మూడుగంటలు ఒక్కడే సభను నిలుపవలసినవానికి వెంటనంటు చెవి మాత్రము చాలదు. కమాను లాగుటలోని నాదమును గాత్రమువలె మలచుకొనవలెను. ఆయన పాశ్చాత్యుల వాయులీన పద్ధతులను సయితము శ్రద్ధతో పరిశీలించెను. 1952లో యెహూదీ మెనూహిన్ మదరాసునకు వచ్చినపుడు నాయుడుగారి వాద్యము విని మెచ్చుకొనెను. అప్పటికి నాయుడుగారు అఱువదికి సమీపించుచుండిరి. బాల్యమున వ్రేళ్లకు చేసిన సాధన, నడివయస్సున నాదమునకు చేసిన సాధనగా మాఱినదని మా అభిప్రాయము.

ఇక మగపిల్లల విషయమున బాల్యమునకును యౌవనమునకును నడుమ నొక గండమున్నది. పండ్రెండు మొదలు పదునైదేండ్ల నడుమ కంఠమణి పెరుగును. నాదతంతువులు పొడవై మందమగును. గొంతు ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. ఆ దినములలో స్వరము చెప్పినచోట నిలువదు, విఱిగి పైకెగురును. తరగతిలోని తోడివారు నవ్వుదురు. మా పాఠశాలలో ప్రతి సంవత్సరము గాయకబృందము నుండి ఇద్దఱో ముగ్గురో మంచి గొంతుగల పిల్లలు ఈ కారణముననే తప్పించుకొని పోవుచున్నారు. వారు సంగీతము రాదని పోవుటలేదు, సిగ్గున పోవుచున్నారు.

ఇందు మా స్వానుభవమొకటి చెప్పెదము. మాకు పదునాలుగవ యేట గొంతు మాఱుచుండగా, అప్పుడు మాకు పాఠము చెప్పు ఒక గురువు శ్రుతి తగ్గించుటకు ఒప్పుకొనలేదు. సోమరితనమని తలచి, తారస్థాయి షడ్జమును అందుకొనువఱకు నిలుచుండబెట్టి పాడించెను. మూడు నెలలలో మా గొంతు బొంగురుపోయినది. దాదాపు సంవత్సరము మేము పాడలేకపోతిమి. పిమ్మట పాడినను మునుపటి నునుపు రాలేదు. అందుచేతనే మేము గాత్రము విడిచి వయొలిన్ పట్టితిమి. ఆయనపై మాకిప్పుడు కోపము లేదు. ఆయనకెవ్వరును ఈ సంగతి చెప్పియుండరు. కాని మేము చెప్పుచున్నాము: ఆ వయస్సున శ్రుతి తగ్గింపవలెను, కాలము తగ్గింపవలెను, గొంతు అలసినంతనే ఆపవలెను. తాళము, స్వరజ్ఞానము, రాగములను వినుట, వాద్యము, వీనికి ఆ రెండేండ్లు వినియోగించినచో ఏమియు నష్టము లేదు. ఆడపిల్లల గొంతు కూడ ఆ కాలమున కొంచెము దిగును గాని ఇంతగా తెలియదు.

పదునైదు మొదలు ఇరువదియైదు వఱకు సాధనకు నిండు పౌర్ణమి వంటి కాలము. ఎరిక్సన్ మొదలగు మువ్వురు పండితులు బెర్లిను నగరపు సంగీత విద్యాలయమున వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో తమ నిర్ణయములను ప్రకటించిరి. ఉత్తమ శ్రేణి విద్యార్థులును, వారి తరువాతి శ్రేణివారును ఏకాంత సాధనకు వారమునకు సగటున 24 గంటలు వినియోగించుచుండగా, సంగీతోపాధ్యాయులు కాదలచినవారు 9 గంటలు మాత్రమే వినియోగించుచుండిరి. ఇరువదవయేటికి ఉత్తమ శ్రేణివారి మొత్తము సగటున పదివేల గంటలు దాటెను. ఈ పదివేల సంఖ్యను లోకులు పట్టుకొని, అన్ని గంటలు చేసిన ప్రతివాడును విద్వాంసుడగునని చాటింపువేసిరి. అది సగటు మాత్రమే. ఆ ఉత్తములలో పలువురు ఆ వయస్సునకు దానినందుకొననేలేదు. మాకు ఆ పరిశీలనలో నచ్చిన అంశము వేఱొకటి. ఆ మంచి విద్యార్థులు ఒక్కబిగిని ఆఱుగంటలు కూర్చుండలేదు. ప్రొద్దుట కొంత, మధ్యాహ్నము తరువాత కొంత చేసి, నడుమ పగటినిద్ర పోవుచుండిరి. పగటినిద్రను సోమరుల లక్షణమని నిందించు పెద్దలు ఈ మాటను గమనింతురు గాక.

ఈ వయస్సున దేహము ఏ శ్రమకైన ఓర్చునట్లు తోచును. అందులో అపాయమున్నది. జర్మను దేశీయుడు రాబర్టు షూమాన్ (1810–1856) గొప్ప పియానో వాద్యకారుడు కావలెనని పూనుకొని, సుమారు 1832 నాటికి కుడిచేతి నడిమి వ్రేలి శక్తిని పోగొట్టుకొనెను. వ్రేళ్ల బలము కొఱకు ఒక యంత్రమును ఉపయోగించుచుండెనని ఆయన దినచర్య వలన తెలియుచున్నది. వాద్యకారుడు కావలసినవాడు స్వరకర్తగా ప్రసిద్ధుడయ్యెను. ఆయన భార్యయగు క్లారా (1819–1896) తొమ్మిదవయేట సభనెక్కి, డెబ్బదియొకటవ యేట 1891లో కడపటి కచేరి చేసెను. ఆమెకును 1870ల దశకమున చేతినొప్పి వచ్చినది. ఆమె వాద్యము ఆపి, చికిత్స పొంది, కచేరులు తగ్గించుకొని, మరల ఆరంభించెను. భర్త ఓర్చుకొని పోగొట్టుకొన్న దానిని భార్య ఆగి దక్కించుకొనెను.

నొప్పియు కాపుదలయు ఒకటి కావు. వీణ నేర్చుకొను బాలికల ఎడమచేతి చూపుడువ్రేలిపైనను నడిమివ్రేలిపైనను తంత్రి గీత పడును. మొదట మంటపెట్టును, పిమ్మట కాయకాచును. అది భూషణమే. మణికట్టున తిమ్మిరి, మోచేత నొప్పి, వ్రేలు చెప్పినట్లు వినకపోవుట, ఇవి భూషణములు కావు. అపుడు వాద్యము క్రింద పెట్టవలెను.

ఇంతవఱకు మేము చెప్పినదంతయు గదిలో కూర్చుండి ఒంటరిగా చేయు సాధనను గూర్చి. మన తావున మఱియొక విధమైన సాధన యున్నది. దానిని గూర్చి గ్రంథములు తక్కువ. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలోని అవుసలికుంట గ్రామస్థుడగు దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెర వాయించుచు కథలు పాడుటయందు ప్రసిద్ధుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. వెదురు దండెకు సొరకాయ బుఱ్ఱలు కట్టి, మైనముతో మెట్లు నిలిపి, తంత్రులు బిగించిన వాద్యమది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారికి బుఱ్ఱవీణ వాద్యమునకై 2024లో అదే బిరుదము లభించినది.

ఇట్టి కళాకారుని ఇంట సాధనకు వేళ లేదు, గది లేదు, సరళీ వరుస లేదు. బిడ్డ తండ్రి వెంట ఊరూర తిరుగును. మొదట జోలె మోయును. పిమ్మట వంతపాట అందుకొనును. తండ్రి దప్పికకు నీరు త్రాగునంతసేపు వాద్యము పట్టును. ఒక కథను నూఱు వాకిళ్లలో నూఱుమాఱులు విని, నూటొక్కటవమాఱు తానే చెప్పును. ఒగ్గుకథలోను ఇంతే, ప్రధాన కథకుని వెనుక డోలు కొట్టుచు, మాటకు మాట అందించుచు ఏండ్లు గడిపినవాడే ముందునకు వచ్చును. ఇచట ప్రదర్శనమే సాధన. పండితుని జీవితమున గంటలు మాఱును. వీరి జీవితమున నిలుచుచోటు మాఱును. వెనుకవరుస నుండి ముందువరుసకు వచ్చుటయే వారి పరీక్ష. వృద్ధుడైన పిమ్మట మరల వెనుకకు పోయి, కొడుకు తప్పిపోయిన చరణమును సన్నగా అందించును. చెర్వుగట్టున మేము చూచిన వృద్ధుడు చేయుచున్నదియు ఇంచుమించు అదియే.

ఈ పద్ధతికొక బలహీనత గలదు. విజయనగరమున వయొలిన్ విద్వాంసుడు వినువాడు లేకున్నను తలుపు మూసికొని సాధన చేయగలడు. పండుగ సాయన్న కథ పాడు కిన్నెరవానికి వాకిటిలో వినువారు లేనిచో, కోల్పోయినది జీతము మాత్రమే కాదు, సాధన కూడ. పదేండ్లు ఎవ్వరును పాడించుకొనని కథలో మొదట వర్ణనలు పోవును, పిమ్మట పేరులు పోవును, కడకు కథయే పోవును. బిరుదములు వచ్చినందుకు మేము సంతసించుచున్నాము. కాని బిరుదము పొందినవానివద్ద పండ్రెండేండ్ల బాలుడు కూర్చుండి యున్నాడా యనునది వేఱు ప్రశ్న.

నడివయస్సు వాద్యకారులకు కుటుంబము, జీవనోపాధి, ప్రయాణములు కలిసివచ్చును. సాధన గంటలు సగమునకు తగ్గును. అయినను కచేరులు ఎక్కువగుటచే లోపము వెంటనే తెలియదు. వచ్చినదానినే వాయించుట, చప్పట్లు వచ్చిన చోటనే మరల చప్పట్లు తెప్పించుట అలవాటగును. ఇది వ్రేళ్లకు వచ్చు నొప్పికంటె చెడ్డది. నొప్పి చెప్పి వచ్చును, ఇది చెప్పక వచ్చును.

దీనినుండి తప్పించుకొన్నవారు కొందఱు మరల శిష్యులైరి. ప్రకాశము జిల్లా కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు నాదస్వర వాద్యమును తండ్రివద్దను, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబుగారివద్దను నేర్చిరి. తెలుగునాట పేరుపొందిన పిమ్మట, రాజరత్నం పిళ్ళైగారి తంజావూరు బాణీకి ముగ్ధులై, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులవద్ద ఆ బాణీని అభ్యసించిరి. పిదప శ్రీరంగమునందే స్థిరపడి, 1999లో గతించువఱకు ఆ బాణికే ప్రతినిధులుగా మన్ననలందిరి. వచ్చిన బాణిని ప్రక్కన పెట్టి క్రొత్తదానిని పట్టుట ఎంత కష్టమో వాద్యకారులకే తెలియును. క్రొత్తవిద్య రానిచోట చేయి పాతదానిని తనంతట తానే వాయించును. అటువంటపుడు సాధనలో సగము నేర్చుట కాదు, మఱచుట.

పోలండు దేశీయుడగు ఆర్థర్ రూబిన్‌స్టైన్ (1887–1982) కథ వేఱు. అతడు బాల్యముననే పియానోలో మేధావి యనిపించుకొని, ఆ పేరుపై చాలకాలము సాధన తక్కువగా చేసి, తప్పు స్వరములను ఉత్సాహముతో కప్పిపుచ్చుకొనెనట. 1932లో వివాహమై బిడ్డ కలిగిన పిమ్మట, నలువదియైదు దాటిన వయస్సున, ఒక వేసవిలో ఏకాంతమునకు పోయి చిన్నవానివలె దినమునకు అనేక గంటలు సాధన చేసి తన వాద్యమును మొదటినుండి చక్కదిద్దుకొనెను. అతని గొప్ప కీర్తి దాని తరువాతిదే.

ఇక వార్ధకము. నాదతంతువులు పలుచనగును, ఊపిరి తగ్గును, కీళ్లు బిగియును, చెవి మొదట పై స్థాయి ధ్వనులను కోల్పోవును. ఇవి ఎంత గొప్పవానికిని తప్పవు. అయితే అందఱకును ఒకే తీరున తగ్గునా? బెర్లిను పరిశోధకులలో ఇరువురు 1996లో మఱియొక పరిశీలన ప్రకటించిరి. అఱువది యేండ్ల వయస్సు గల పియానో విద్వాంసులు ఇతర పనులలో తమ యీడువారివలెనే నిదానించిరి. కాని వాద్యమునకు సంబంధించిన వ్రేళ్ల వేగమును నిలుపుకొనిరి. వారు అప్పటికిని వారమునకు సుమారు పదిగంటలు సాధన చేయుచుండిరి. యౌవనమున సాధన నిర్మించుటకు; వార్ధకమున నిలుపుటకు. నిలుపుటకు సగము కాలము చాలును గాని ఒక్క దినమును విడువరాదు.

రూబిన్‌స్టైన్ ఎనుబదియేండ్లు దాటినను సభలను రంజింపజేయుటకు అనుసరించిన ఉపాయములను మనశ్శాస్త్రజ్ఞులు తమ గ్రంథములలో తఱుచు ఉదాహరింతురు. అతడు వాయించు రచనల సంఖ్యను తగ్గించెను. ఆ కొన్నిటిని ఎక్కువగా సాధన చేసెను. వేగము గల భాగమునకు ముందున్న దానిని కొంచెము నిదానముగా వాయించెను. దాని ప్రక్కన వేగమగునది ఇంకను వేగముగా తోచును. మూడవది యుక్తియే, మోసము కాదు. మా చెర్వుగట్టు వృద్ధుడు నాలుగు దెబ్బలకు ఒకటి విడిచిపెట్టుట మేము జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. అతడు రూబిన్‌స్టైన్ పేరు వినియుండడు.

స్పెయిను దేశీయుడగు పాబ్లో కజాల్స్ (1876–1973) పదుమూడవయేట బార్సిలోనా నగరమునందలి యొక అంగడిలో బాఖ్ రచించిన సెల్లో వాద్యపు రచనలను కనుగొనెను. వానిలో ఒకదానిని సభలో వాయించుటకు ముందు పండ్రెండేండ్లు సాధన చేసెనని చెప్పుకొనెను. ముదిమియందు ప్రతిదినము ప్రొద్దుట ముందుగ పియానోవద్దకు పోయి బాఖ్ రచనలు రెండు వాయించిన పిమ్మటనే తక్కిన పనులు చూచుకొనుచుండెను. తన వాద్యము సెల్లో కాగా పియానోతో దినము ఆరంభించుట వింతగా నున్నది. చదువరులు దీనిని తమకు తోచినట్లు వ్యాఖ్యానించుకొనవచ్చును; చేతికంటె ముందు చెవి మేలుకొనుటకే యని మేము తలంతుము.

మన హైదరాబాదునకు సంబంధించిన ఉదాహరణమొకటి చెప్పక విడువరాదు. హిందుస్థానీ గాయకుడు ఉస్తాద్ బడే గులామ్ అలీఖాన్ 1968లో ఈ నగరముననే గతించెను. కడపటి యేండ్లలో ఆయనకు పక్షవాతము వచ్చినది. అంతటి రోగమునకు లోనైనను, కుమారుడు మునవ్వర్ అలీఖాన్ తోడుగా పాడగా, ఆయన సభలలో పాడుట మానలేదు. తండ్రి గొంతు తడబడిన చోటును కుమారుని గొంతు అందుకొనవలెను. అట్టి స్థితిలో సాధన ఒక్కని పని కాక ఇద్దఱి పనియగును.

విరామము తరువాత మరల ఆరంభించినవారును ఉన్నారు. పియానో వాద్యకారుడగు పదెరెవ్‌స్కీ 1919లో పోలండునకు ప్రధానమంత్రియై, కొన్నియేండ్లు వాద్యము ముట్టక, 1922లో అఱువది దాటిన పిమ్మట తిరిగి సభలకెక్కెను.

మేము ప్రధానమంత్రులము కాకున్నను, ఉద్యోగము, సంసారము నెపముగా ముప్పదవయేట వయొలిన్‌ను పెట్టెలో పెట్టితిమి. ఏబదిరెండవ యేట తెఱచి చూడగా కమాను వెండ్రుకలు పురుగు తినియుండెను. క్రొత్త వెండ్రుకలు కట్టించి సరళీ వరుసలతోనే మొదలుపెట్టితిమి. మొదటి మూడు నెలలు వ్రేళ్లు మంటపెట్టినవి, మెడ పట్టుకొన్నది. వింతయేమనగా, వ్రేళ్లు మఱచినను చెవి ఏమియు మఱవలేదు. చిన్ననాడు తెలియని తప్పులన్నియు ఇపుడు తెలియుచుండెను, దిద్దుకొను చేయి మాత్రము లేదు. బాలునకు చేయి యుండి చెవి యుండదు. మాకు చెవి యుండి చేయి లేదు. ఇందుచేత ముదిమిలో నేర్చువారు త్వరలో నిరాశ చెందుదురు. మేమును రెండుమాఱులు పెట్టె మూసితిమి.

ప్రతిదినము బడిగంటకు ముందు ముప్పావు గంట పాఠశాల వెనుకగదిలో వాయించుట మాకలవాటు. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు కిటికీవద్ద నిలిచి విని, “సారూ, మీరింకా ఇదే పాఠమా?” అని అడిగెను. వాడు గొంతు విఱిగి గాయకబృందము విడిచిపోయిన వారిలో ఒకడు. లోపలికి పిలిచి, శ్రుతిపెట్టె ముందుంచి, వానికి నిలుచునంత క్రింది శ్రుతిలో షడ్జము పట్టించితిమి. మఱునాడును వచ్చెను. పరీక్షలు సమీపించినపుడు వాని తండ్రి వచ్చి, చదువు చెడునేమో యని సంశయము వెలిబుచ్చెను. దినమునకు ఇరువది నిమిషములు మాత్రమే, అదియు బడికి ముందే యని మేము చెప్పితిమి. ఆయన కొంచెముసేపు ఆలోచించి, తాను చిన్ననాడు భజనలో హార్మోనియము వాయించెడివాడననియు, పెట్టె యిప్పటికిని ఇంటిలో మంచముక్రింద నున్నదనియు చెప్పెను.

ఇప్పుడు మేము మోహన రాగ వర్ణమున చిట్టస్వరము వఱకు వచ్చితిమి. రెండవ కాలమున చిటికెనవ్రేలు తడబడుచునే యున్నది. బాలుడు తాళము వేయుచున్నాడు. మేము త్వరపడినను వాడు త్వరపడుటలేదు.